కాశీకి సంచి సర్దడం: సంక్రాంతి చలిలో, పెద్దవాళ్ళతో, పిల్లలతో

మీ ప్రశ్న చదివాను. సంక్రాంతి పండగలో కనుమ కూడా అయిన మర్నాడు బయలుదేరి, అరవై దాటిన అమ్మానాన్నలతో, పదేళ్ళ లోపు పిల్లలిద్దరితో, మీ దంపతులు కాశీలో ఐదు రోజులు ఉండాలనుకుంటున్నారు. పెద్ద చక్రాల సూట్‌కేసులు రెండు సరిపోతాయా, ఉన్నిబట్టలు ఎన్ని కావాలి, పచ్చళ్ళు పట్టుకెళ్ళాలా, వచ్చేటప్పుడు గంగ ఎలా తెచ్చుకోవాలి అని అడిగారు. యాత్రలకు బృందాలను తీసుకెళ్ళడం నా పని. కాశీకి నాతో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మీ అమ్మానాన్నల ఈడు వాళ్ళే. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు సూట్‌కేసుల సంగతి. వాటిని అటక మీదే ఉండనివ్వండి.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. విమానమెక్కితే పూట తిరక్కుండానే బాబత్‌పూర్ విమానాశ్రయంలో దిగుతారు. అక్కడి నుంచి ఊరు పాతిక కిలోమీటర్లు, కారు వస్తుంది. అయితే ఆఖరి అర కిలోమీటరు మాత్రం ఇప్పటికీ పాతకాలం నాటిదే. ఆటోలు, ఈ-రిక్షాలు గోదౌలియా చౌరస్తా దగ్గర ఆగిపోతాయి. రద్దీ రోజుల్లో పోలీసులు అంతకంటే ముందే ఆపేస్తారు. అక్కడి నుంచి గుడికైనా ఘాట్‌కైనా మీ గదికైనా కాళ్ళే గతి. సందుల్లో రాతి పలకలు పరిచి ఉంటాయి. పలకకూ పలకకూ మధ్య చక్రం సరిగ్గా ఇరుక్కునేంత సందు. మధ్యమధ్య మూడేసి, నాలుగేసి మెట్లు. తడి, పేడ, ఎదురుగా పాలక్యాన్ల మోటారు సైకిలు, దాని వెనక తాపీగా నడిచి వచ్చే ఆంబోతు. దానికి దారి ఇవ్వాలంటే మీరు గోడకు అతుక్కోవాలి, మీ సూట్‌కేసు ఎక్కడికి అతుక్కుంటుంది? పైగా ఆ చక్రాలకు అంటినదంతా గదిలోకి వస్తుంది.

కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో భుజాన వేసుకునే సంచి. పెద్దవాళ్ళకు ఐదారు కిలోలు, మీకు ఎనిమిది కిలోలు దాటకూడదు. సర్దిన తర్వాత ఆ సంచి వేసుకుని మీ ఇంటి మేడమెట్లు రెండు అంతస్తులు ఎక్కి దిగండి. ఆయాసం వస్తే ఏదో ఒకటి తీసేయండి. బస చేసే చోటివాళ్ళు సందు మొదటికి మనిషిని పంపుతారేమో ముందే ఫోను చేసి కనుక్కోండి. చాలాచోట్ల పంపుతారు. అలాగే కమోడ్ ఉందా, గది ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా అని కూడా అడగండి. పాత ఇళ్ళను లాడ్జీలుగా మార్చినచోట మెట్లు నిచ్చెనల్లా నిలువుగా ఉంటాయి. మీ అమ్మగారి మోకాళ్ళకు ఆ ఒక్క విషయమే ఐదు రోజులనూ తేల్చేస్తుంది.

కాశీలో రోజంతా ఎలా గడుస్తుందో తెలిస్తే ఏమి సర్దాలో దానంతటదే తెలుస్తుంది. గదిలో ఉండిపోయే సంచి ఒకటి. తెల్లవారుజామున భుజాన వేసుకుని బయటపడే చిన్న సంచి ఇంకొకటి. ఆ చిన్న సంచి కూడా వదిలేసి చేతులూపుకుంటూ విశ్వనాథుడి గుడిలోకి వెళ్ళాలి. అందరూ మొదటి సంచి గురించే ఆలోచిస్తారు. యాత్ర సుఖంగా సాగేదీ సాగనిదీ మిగతా రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

గుడితోనే మొదలుపెడతాను. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. కెమెరా, స్మార్ట్ వాచీ, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, పవర్ బ్యాంకు, సంచులు, ఆఖరికి జేబులో పెన్ను కూడా కుదరదు. అన్నీ లాకర్లో పెట్టాలి. 2021 డిసెంబరులో కొత్త ప్రాంగణం తెరిచాక లోపల చోటు బాగా పెరిగింది. లలితా ఘాట్ వైపు నుంచి, నాలుగో నంబరు గేటు వైపు నుంచి, ఇంకా వేరే దారుల నుంచీ జనం వస్తారు. ఒక దారిన వెళ్ళి వేరే దారిన బయటపడితే మీ లాకరు ఎటువైపు ఉందో తికమక పడతారు. గేటు నంబరు ఇంటిల్లిపాదీ పైకి అనుకోండి. ఫోన్లు లేని ఆ రెండు మూడు గంటల్లో ఎవరైనా తప్పిపోతే కలుసుకునే చోటు కూడా ముందే అనుకోండి. పిల్లల జేబుల్లో, మీ నాన్నగారి జేబులో ఒక్కో చీటీ పెట్టండి. దాని మీద బస పేరు, పేట పేరు, మీ నంబరు హిందీలో రాయించండి. తెలుగులో రాస్తే అక్కడ ఎవరికీ అక్కరకు రాదు.

ఫోను లాకర్లో పెడితే డబ్బు కూడా లాకర్లోకి వెళ్ళినట్టే. దీన్ని చాలామంది మరిచిపోతారు. మా బృందంలోని ఒకాయన, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పది రూపాయల మారేడు దళాల పొట్లం చేతిలో పట్టుకుని, జేబులు తడుముకుంటూ నిలబడిపోయారు. నోటన్నది ఒక్కటీ లేదు, ఉన్నదంతా ఫోనులోనే. పూలమ్మే ఆవిడ నవ్వి ‘తర్వాత ఇవ్వండి బాబూజీ’ అని పంపేసింది. కాశీలో కచౌరీ బండి దగ్గర కూడా స్కాన్ చేసి చెల్లించవచ్చు, నిజమే. అయినా పది, ఇరవై, యాభై నోట్లు ఒక కట్ట విడిగా తీసుకెళ్ళండి. చెప్పుల దగ్గర, హారతి పళ్ళెంలో, పడవవాడికి, మెట్ల మీద కూర్చున్న సాధువులకు, రోజూ చిల్లర ఖర్చవుతూనే ఉంటుంది. అయిదువందల నోటు తీస్తే చిల్లర లేదంటారు, లేదా మీ మనసు మారేదాకా ఆశీర్వదిస్తారు.

ఆధార్ అసలు కార్డులు ఆరుగురివీ తీసుకెళ్ళండి. ఫోనులో ఉన్న ఫోటో, ఫోనే లాకర్లో ఉన్నప్పుడు దేనికీ పనికిరాదు. నడుముకు కట్టుకునే బట్ట పర్సు ఉంటే కార్డులు, డబ్బు, లాకరు తాళం, రెండు మాత్రల పట్టీలు అందులో ఇమిడిపోతాయి. తోలు పర్సు, తోలు బెల్టు వద్దు. మీ అమ్మగారికి మధుమేహం ఉంటే, చక్కెర పడిపోయినప్పుడు నోట్లో వేసుకోవడానికి నాలుగు పటికబెల్లం ముక్కలు కూడా అందులో పెట్టండి. క్యూ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ నెలలో ప్రయాగలో మాఘమేళా జరుగుతుంటుంది. మౌని అమావాస్య దగ్గర పడేకొద్దీ అక్కడ స్నానం చేసిన జనమంతా కాశీకి వస్తారు.

స్పర్శ దర్శనం, అంటే లింగాన్ని తాకి దండం పెట్టుకోవడం, కొన్ని వేళల్లోనే ఉంటుంది, ఆ వేళలు మారుతుంటాయి. దానికి మగవాళ్ళకు పంచె, ఆడవాళ్ళకు చీర ఉంటే ఎవరితోనూ వాదించే పని ఉండదు. మీకొక పంచె, నాన్నగారికొక పంచె పెట్టుకోండి, బరువేమీ కాదు. చలి రోజుల్లో పంచె కింద థర్మల్ వేసుకునేవాళ్ళూ ఉన్నారు. చూడ్డానికి ఎలా ఉన్నా ఒంటికి హాయిగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పులు. నా లెక్కలో కాశీకి సర్దే వస్తువుల్లో మొదటిది ఇదే. మీరు రోజుకు ఎన్నిసార్లు చెప్పులు విడుస్తారో ఒకసారి ఊహించుకోండి. విశ్వనాథుడు, పక్కనే అన్నపూర్ణ, మీర్ ఘాట్ దగ్గర విశాలాక్షి, అటు కాలభైరవుడు, ఇటు కేదారేశ్వరుడు. ప్రతిచోటా విడవాలి, తొడగాలి. లేసులున్న బూట్లయితే మోకాళ్ళ నొప్పులున్న మనిషి ప్రతిసారీ వంగాలి. హవాయి చెప్పులైతే తడి మెట్ల మీద జారుతాయి. కావలసింది వెనక పట్టీ ఉండి, వంగకుండా తొడుక్కోగలిగి, అడుగున బాగా గాట్లున్న రబ్బరు శాండల్స్. అవి ఇప్పటికే మీ కాలికి అలవాటై, కొంచెం పాతబడి ఉండాలి. కొత్తవి కొని వేసుకెళ్తే రెండో రోజుకు బొబ్బలు, మూడో రోజుకు దొంగలు. పూజాద్రవ్యాలు అమ్మే దుకాణాల దగ్గర చెప్పులు వదిలితే చూస్తారు, వాళ్ళ దగ్గర ఏదో ఒకటి కొనాలి, అంతే. పిల్లలకు అంటించుకునే పట్టీలున్న శాండల్స్ నయం.

గుళ్ళలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అభిషేకాల నీళ్ళు, పాలు, నలిగిన పూలు. జనవరిలో ఆ రాయి మీద ఉత్త కాళ్ళతో గంటసేపు నిలబడితే చలి పిక్కల దాకా ఎక్కుతుంది. అందుకే నేను ఒక్కొక్కరికి మేజోళ్ళు ఆరు జతలు పెట్టుకోమంటాను. చలికోటు ఒకటి తగ్గినా ఫరవాలేదు, మేజోళ్ళు తగ్గకూడదు. దర్శనం అయ్యాక ఒక చిన్న తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని పొడి జత తొడుక్కుంటే మిగతా పూట హాయిగా తిరగవచ్చు. బొటనవేలు విడిగా ఉండే రకం తీసుకుంటే చెప్పుల్లోకి కూడా సరిగ్గా పడతాయి. ఆ తువ్వాలూ ఆ పొడి మేజోళ్ళూ చిన్న సంచిలోనే ఉండాలి. గదిలో ఉంటే లేనట్టే.

చలి గురించి అడిగారు. జనవరిలో తెల్లవారుజామున ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంటుంది, చలిగాలులు వీచే రోజుల్లో ఇంకా దిగుతుంది. మంచు విడిచి ఎండ కాస్తే మధ్యాహ్నం ఇరవై దాటుతుంది, స్వెటరు విప్పి చేతిలో పట్టుకుంటారు. మంచు విడవని రోజు ఉంటుంది చూడండి, ఆ రోజు పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా తెలియదు. అందుకని ఒకే దళసరి కోటు కంటే, విప్పుకుంటూ వేసుకుంటూ ఉండగలిగే పొరలు మేలు. లోపల థర్మల్ జతలు రెండు, ఒక స్వెటరు, పైన గాలి ఆపే పలుచని జాకెట్టు, ఒక శాలువ, చెవులు మూసే టోపీ. మనిషికి అంతే. అమ్మగారు చీర మీద స్వెటరు వేసుకోవడానికి ఇబ్బంది పడితే, రవిక కింద పొడుగు చేతుల థర్మల్ వేసుకుని పైన శాలువ కప్పుకోమనండి. చీరలు నూలువో, సింథటిక్‌వో చాలు. కుచ్చిళ్ళు మెట్ల మీద తడుస్తూనే ఉంటాయి, పట్టుచీర అక్కడ కట్టుకుంటే రోజంతా దాని మీదే ధ్యాస. ఏమైనా తక్కువ పడితే గోదౌలియా నుంచి దశాశ్వమేధ ఘాట్‌కు వెళ్ళే దారి పొడుగునా శాలువలు, టోపీలు, చేతి తొడుగులు అమ్ముతుంటారు. కాబట్టి అనుమానం వచ్చిన వస్తువును ఇంట్లోనే వదిలేయండి.

ఘాట్ల చలి వేరు. గంగ అక్కడ ఉత్తరవాహిని. ఘాట్లన్నీ పడమటి గట్టున, తూర్పు ముఖంగా ఉంటాయి. పొద్దుటి ఎండ నేరుగా మెట్ల మీద పడుతుంది, మధ్యాహ్నం తిరిగేసరికి వెనకనున్న రాజభవనాల నీడ కమ్ముకుంటుంది. చలికాలంలో గంగా హారతి సాయంత్రం ఆరింటి ప్రాంతంలో మొదలవుతుంది. కూర్చునే చోటు దొరకాలంటే గంట ముందే వెళ్ళాలి. అంటే నీడలో, రాతి మెట్ల మీద, రెండు గంటలు. పైన ఎన్ని కప్పుకున్నా చలి కింది నుంచి వస్తుంది. మడతపెట్టే చిన్న చాపలు రెండు, లేకపోతే దళసరి దుప్పటి ముక్క ఒకటి తీసుకెళ్ళండి. మా వాళ్ళు తిరిగొచ్చాక అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకునేది ఆ చాపనే. పడవలో కూర్చుని హారతి చూస్తే గాలి ఇంకా ఎక్కువ, చెవులు మూసుకోండి. దట్టమైన మంచు పట్టిన పొద్దున పడవలు నడవవు, పడవవాడితో పోట్లాడి లాభం లేదు.

అస్సీ నుంచి దశాశ్వమేధ దాకా ఘాట్ల మీదుగానే నడవవచ్చు. ఆగకుండా నడిస్తే ముప్పావు గంట. మీరు ఆగకుండా నడవలేరు, ప్రతి ఘాట్ దగ్గరా పిల్లలు ఆగుతారు. మెట్ల ఎత్తు ఒక్కో ఘాట్‌లో ఒక్కో తీరు. కేదార్ ఘాట్ మెట్లు మరీ నిటారు. పెద్దవాళ్ళకు మోకాలి పట్టీలు, మడతపెట్టే చేతికర్ర తప్పనిసరి. కర్ర ఇష్టపడని మనిషి చేతికి కూడా మొదటి రోజు సాయంత్రానికల్లా కర్ర వస్తుంది. విశ్వనాథుడి గుడి దగ్గర వృద్ధులకు చక్రాల కుర్చీలు దొరుకుతాయి, మొహమాటపడకుండా అడగండి. దారిలో హరిశ్చంద్ర ఘాట్ వస్తుంది, దశాశ్వమేధ దాటి ఉత్తరానికి వెళ్తే మణికర్ణిక. రెండూ శ్మశాన ఘాట్లు. అక్కడ ఫోటోలు తీయకూడదు, ఫోను జేబులో పెట్టేయాలి. పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే ఆలోచించి పెట్టుకోండి. వద్దనుకుంటే ఆ ముక్క వరకు పైనున్న సందులోంచి వెళ్ళండి. పెద్ద కెమెరా తేవద్దు. రోజూ లాకర్లో పెట్టడానికి దాన్ని మోసుకు తిరగడం ఎందుకు?

స్నానానికి కావలసినవి విడిగా ఒక గుడ్డ సంచిలో పెట్టుకోండి. ముదురు రంగు నూలు బట్టలు, పలచగా ఉండి త్వరగా ఆరే తువ్వాలు, నాలుగు పిన్నీసులు, తడిబట్టలు వేసుకోవడానికి నీళ్ళు కారని కవరు. సబ్బు, షాంపూ గంగలో వాడకూడదు, గదిలోనే ఉంచండి. ఉంగరాలు, గాజులు ఇంటి దగ్గరే తీసేసి రండి. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడతాయి. ఇంట్లో సబ్బు రాసినా ఊడని ఉంగరం అక్కడ మూడో మునకకు జారిపోతుంది, గంగలో పడితే దొరకదు. ఘాట్ దగ్గర గొలుసులు ఉంటే పట్టుకుని మునగాలి, మెట్లు పాచిపట్టి ఉంటాయి, కొన్ని అడుగుల్లోనే లోతు వస్తుంది. నాన్నగారు తెల్లవారుజామునే స్నానం అంటారు, నాకు తెలుసు. రక్తపోటుకో గుండెకో మందులు వాడే మనిషైతే వైద్యుణ్ణి అడిగి, ఎండ వచ్చాక పదింటికి చేయించండి. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు, అక్కడి పురోహితుడి చేత చెప్పించండి.

ఉతికిన బట్టలు ఆ రోజుల్లో ఆరవు. మంచులో రెండు రోజులు వేలాడినా తడి పోదు. జీన్స్ అసలు వద్దు. లోదుస్తులు, థర్మళ్ళు ఒక జత ఎక్కువే పెట్టుకోండి. డాబా మీద ఆరేస్తే కోతులు పట్టుకుపోతాయి. సంకటమోచన హనుమంతుడి గుడి దగ్గర, దుర్గాకుండ్ దగ్గర ఇవి మరీ ఎక్కువ. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే తినేదే అనుకుని లాక్కుంటాయి. కళ్ళజోడు కూడా లాక్కుంటాయి. అమ్మానాన్నలకు పాత కళ్ళజోళ్ళుంటే ఒక్కోటి అదనంగా సంచిలో వేయండి.

మందులు ఐదు రోజులకు కాదు, పది రోజులకు సరిపడా తీసుకెళ్ళండి. మంచు వల్ల తిరుగు ప్రయాణం ఎప్పుడన్నది మీ చేతిలో ఉండదు. మందుల చీటీ కాగితం మీద ఒకటి, ఫోనులో ఒకటి ఉంచుకోండి. చలికాలంలో అక్కడి గాలిలో మంచుతో పాటు పొగ, దుమ్ము కూడా ఉంటాయి. ఆయాసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలరు, మంచి మాస్కులు మరవకూడదు. పెదవులకు, మడమలకు రాసుకోవడానికి కొబ్బరినూనెనో వాజిలీనో ఉంచుకోండి. ఎవరూ రాయని మాట ఒకటి: పాత ఊళ్ళో మరుగుదొడ్డి దొరకడం కష్టం, చలికి పెద్దవాళ్ళకు మాటిమాటికీ అవసరం. క్యూలో నిలబడే రోజుకు పెద్దలు వాడే డయపర్లు రెండు మూడు తీసుకెళ్తే, వాళ్ళు మంచినీళ్ళు తాగడం మానేసి నీరసపడే అవస్థ తప్పుతుంది. అమ్మతో మీ శ్రీమతి చేత చెప్పించండి. పేపరు సబ్బు, టిష్యూలు ఎలాగూ ఉంటాయి కదా.

ఒక చిన్న టార్చి పెట్టుకోండి. త్రిపురభైరవి ఘాట్ పక్క సందుల్లో వారాహి అమ్మవారి గుడి ఉంది. పొద్దున్న కొద్ది గంటలే తెరుస్తారు. మనవాళ్ళు చీకటితోనే వెళ్ళి నిలబడతారు. ఆ వేళప్పుడు సందులో ముందేముందో ఫోను వెలుగులో వెతుక్కోవడం కంటే టార్చి నయం, ముఖ్యంగా పేడ విషయంలో.

పిండప్రదానం చేయించే ఉద్దేశం ఉంటే, లేదా గయ కూడా వెళ్తుంటే, ఇంకో కాగితం కావాలి. నాన్న, తాత, ముత్తాత పేర్లు, అమ్మ, నాయనమ్మ, ముత్తవ్వ పేర్లు, అమ్మ తరఫువాళ్ళవి కూడా, గోత్రాలతో సహా రాసుకోండి. ఈ పేర్లు ఇంట్లో ఎవరికో ఒకరికే తెలుస్తాయి. ఆ ఒక్కరు చాలాసార్లు ఊళ్ళో ఉన్న పెద్దత్త అవుతుంది. గంగ ఒడ్డున పురోహితుడు అడిగినప్పుడు ఆవిడకు ఫోను కలవదు. పండగకు అందరూ ఒకచోట చేరతారు కాబట్టి కనుమ నాడే కూర్చుని రాసేయండి. కేదార్ ఘాట్, పాండే హవేలీ ప్రాంతాల్లో తెలుగు పురోహితులున్నారు, మంత్రం మన యాసలోనే వినిపిస్తుంది.

పచ్చళ్ళ సంగతి. గాజు సీసాలో ఆవకాయ వద్దే వద్దు. మూత ఎంత బిగించినా నూనె కారుతుంది, అమ్మ చీరలన్నీ ఎర్రబడతాయి. కందిపొడి ఒక పొట్లం, కారప్పొడి ఒక పొట్లం చాలు. మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో, చుట్టుపక్కల మరికొన్ని సత్రాల్లో మన భోజనం దొరుకుతుంది, పొద్దున్నే వెళ్ళి పేర్లు చెప్పుకోవాలి. అన్నం కోసం దిగులు పడాల్సిన ఊరు కాదది, అన్నపూర్ణ ఊరు. ఇంకో మాట, చలికాలంలో కాశీ వెళ్ళి కందిపొడి అన్నమే తిని రావడం అన్యాయం. పొద్దున్నే కచౌరీ, కూర, జిలేబీ తినండి. మట్టి ముంతలో మలైయో అని పాలనురుగు అమ్ముతారు. చలికాలంలోనే దొరుకుతుంది, పొద్దు బాగా ఎక్కితే ఉండదు. పిల్లలకు అది ఇప్పించండి. రైలులో వెళ్తుంటే మాత్రం తిండి వేరే లెక్క. సికింద్రాబాదు నుంచి దానాపూర్ రైలెక్కితే దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే పాత మొగల్‌సరాయ్‌లో దిగాలి. మంచు రోజుల్లో ఆ దారి రైళ్ళు గంటల కొద్దీ ఆలస్యం. పులిహోర ఒక పూటకే ఉంటుంది. చేగోడీలు, అటుకుల మిక్చరు, అరిసెలు పట్టుకెళ్ళండి. పండగ అరిసెలు ఎలాగూ ఉంటాయి. ఒక చిన్న ఫ్లాస్కు ఉంటే వేడినీళ్ళు, పిల్లలకు పాలు పోసుకోవచ్చు. రైలులోనూ పనికొస్తుంది, తెల్లవారుజామున ఘాట్ మీదా పనికొస్తుంది.

వద్దని చెప్పాల్సినవి ఇంకా కొన్నున్నాయి. గొడుగు, కొండలెక్కే బూట్లు, బంగారం, నాలుగో స్వెటరు, ఇంటి నుంచి పూజాసామగ్రి. కుంకుమ, వత్తులు, దీపాలు అన్నీ అడుగడుగునా అమ్ముతారు.

వచ్చేటప్పటి సంచి గురించి వెళ్ళేటప్పుడే ఆలోచించాలి. కాశీ దారాలు, అన్నపూర్ణ ప్రతిమలు, ఊళ్ళో అందరికీ పంచడానికి రుద్రాక్షలు, పిల్లలకు కొయ్యబొమ్మలు, మదన్‌పురా వైపు వెళ్తే చీరలు. మడిస్తే గుప్పెడంత అయ్యే గుడ్డ సంచి ఒకటి అడుగున పడేయండి. గంగకు రాగి చెంబులు అక్కడే అమ్ముతారు, నింపి మూతకు మాటు వేసి ఇస్తారు. మాటు వేశాక తలకిందులు చేసి కాసేపు చూసి మరీ తీసుకోండి. విమానంలో అయితే చేతి సంచిలో కాకుండా లోపలికి వేసే సామానులో, తువ్వాలు చుట్టి, కవర్లో కట్టి పెట్టండి. కాశీ నుంచి గంగను తేకూడదు, ప్రయాగలోనే పట్టుకోవాలి అనే ఆచారం ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయి. మీ ఇంటి ఆనవాయితీ ఏమిటో అమ్మగారిని బయలుదేరే ముందే అడగండి. ప్రయాగలోనే అంటే కాశీలో చెంబులు కొని ఖాళీవి మోయనక్కరలేదు, అక్కడే కొనవచ్చు. కాకపోతే మాఘమేళా రోజుల్లో ప్రయాగలో బండి దిగిన చోటి నుంచి సంగమం దాకా చాలా దూరం నడవాలి. ఆ రోజుకు పెద్ద సంచులన్నీ కాశీలోని గదిలోనే వదిలి, చిన్న సంచితో పొద్దున్నే వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చేలా పెట్టుకోండి.